పాలపిట్ట తోకకు ఎర్ర రిబ్బను

విమానానికి మామూలుగా తోక దగ్గర మూడు రెక్కలుంటాయి. ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది, రెండు అటూ ఇటూ పడుకుని ఉంటాయి. నిలబడ్డది ముక్కును ఎడమకూ కుడికీ తిప్పుతుంది, పడుకున్నవి ముక్కును పైకెత్తుతాయి, కిందికి దించుతాయి. ప్రపంచంలో చాలా విమానాలు ఈ ఏర్పాటుతోనే ఎగురుతున్నాయి, దిగుతున్నాయి. దీని మీద ఎవరూ పెద్దగా ఫిర్యాదు చెయ్యలేదు.

హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక తేలిక విమానాల సంస్థలో మాత్రం, పాలపిట్ట అని పేరుపెట్టిన రెండు సీట్ల శిక్షణ విమానానికి రెండే రెక్కల తోక పెట్టారు. నిటారుది తీసేసి, మిగిలిన రెండింటినీ వి ఆకారంలో పైకి వాల్చి నిలబెట్టారు. తిప్పే పనీ ఎత్తే పనీ రెండూ ఆ రెండు రెక్కలే కలిసి చేసుకుంటాయి. ఇందులో కూడా వింత ఏమీ లేదు. అలాంటి విమానాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వింతల్లా ఆ తోకను చూసి సంస్థ డైరెక్టరు డాక్టర్ శేషశయనం గారికి కలిగిన జ్ఞానోదయం.

"మూడు రెక్కల పనిని రెండు రెక్కలు చేస్తున్నాయి" అన్నారాయన, సిబ్బందినంతా సమావేశ మందిరంలో కూర్చోబెట్టి. "మరి ఆ మూడో రెక్క ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు? మన సంస్థలో ఇటువంటి మూడో రెక్కలు ఎన్ని ఉన్నాయో ఆత్మపరిశీలన చేసుకోవలసిన చారిత్రక సందర్భం ఆసన్నమైంది."

తోకను గీసిన కుర్ర ఇంజినీరు లేచి, రెక్కలు తగ్గాయి కానీ ఉన్న రెండింటినీ పెద్దవి చెయ్యాల్సి వచ్చిందని, ఒకటి పాడైతే రెండు పనులూ ఒకేసారి చెడతాయని చెప్పబోయాడు. డైరెక్టరు గారు అతన్ని ఎంతో ఆప్యాయంగా చూసి, సాంకేతిక వివరాలు విధానాలకు అడ్డు రాకూడదన్నారు. మర్నాటి నుంచి ఆ కుర్రవాడు ఇంజినీరూ, లిఫ్టు ఆపరేటరూ అయ్యాడు.

ఆ విధంగా పుట్టింది 'ఏకాంగ ద్వివిధ విధానం'. ఒకే అంగం, రెండు విధులు. సంస్థలోని ప్రతి పోస్టునూ మరో పోస్టుతో కలిపెయ్యాలి. సర్క్యులర్ పదకొండు పేజీలు. దాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసే బాధ్యత పరిపాలనాధికారి పరాంకుశం గారిది. ఆయన రూలు పుస్తకాన్ని గౌరవించినంతగా ఇంట్లోవాళ్లను కూడా గౌరవించరని పేరు.

కొమురయ్య ఆ పదకొండు పేజీలనూ హ్యాంగరులో నిలబడే చదివాడు. హ్యాంగరంటే విమానాలు నిలిపే పెద్ద షెడ్డు. అందులో ఇరవై ఆరేళ్లుగా తోకలు బిగిస్తున్న మెకానిక్ అతను. ఏడో పేజీలో అతనికి కావలసింది దొరికింది. 'బిగింపు మెకానిక్, తనిఖీ అధికారి పోస్టులు ఇందుమూలముగా విలీనమైనవి.'

అతనికి లోలోపల ఎక్కడలేని సంతోషం కలిగింది. కారణం ఫిలోమినా.

ఆ హ్యాంగరులో ఒక ఆనవాయితీ ఉంది. ఒకరు బిగిస్తారు, మరొకరు చూస్తారు. బిగించినవారు చూడకూడదు, చూసేవారు బిగించకూడదు. తప్పు కనబడిన చోట చూసినవారు ఒక ఎర్ర రిబ్బను కడతారు. కట్టినవారు తప్ప ఇంకెవరూ దాన్ని విప్పకూడదు. రిబ్బను ఉన్న విమానం గేటు దాటకూడదు. పందొమ్మిదేళ్లుగా ఆ రిబ్బన్లు కట్టేది తనిఖీ అధికారిణి ఫిలోమినా. సికింద్రాబాదు మనిషి, మాట తక్కువ, కళ్లద్దాలు మందం. ఆమె తన పని మీద కట్టిన రిబ్బన్లు ఎన్నో కొమురయ్యకు కచ్చితంగా తెలుసు. నలభై ఒకటి. అందులో ఒక్కటి కూడా అన్యాయంగా కట్టింది కాదని కూడా తెలుసు. మంటంతా అక్కడే.

సాయంత్రం ఇంటికి పోతూ పావుకిలో జిలేబీ కొన్నాడు.

ఫిలోమినా 'మిగులు సిబ్బంది' కింద తేలింది. ఆమెను ఆవరణలోని తోటకు పంపారు. తోటకు మాలి ఉన్నాడు కానీ అతన్ని టెలిఫోన్ ఆపరేటరుతో కలిపారు, ఫోను మోగినప్పుడల్లా పైపు వదిలేసి పరిగెత్తేవాడు. ఆ పైపు పట్టుకునే మనిషి కావలసి వచ్చింది. ఇకపై హ్యాంగరులోకి ఆమెకు ప్రవేశం లేదని ఆర్డరులో రాశారు. ఆమె ఆర్డరు చదివి, సంతకం పెట్టి, తన డ్రాయరులో ఉన్న రిబ్బను ఉండను చేతిసంచిలో వేసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ కొమురయ్య బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"జాగ్రత్త, కొమురయ్య గారూ" అంది.

కొమురయ్య ఆ మాటలో వెటకారం వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదనిపించింది.

నెల తిరక్కముందే సంస్థ మొత్తం రెండు రెక్కల మీద ఎగరడం మొదలుపెట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్‌నూ గ్రంథపాలకుణ్ణీ కలిపారు కనుక గేటు తెరిచి ఉన్నప్పుడు గ్రంథాలయం మూసి ఉండేది, గ్రంథాలయం తెరిచినప్పుడు ఉద్యోగులు గోడ దూకి లోపలికి వచ్చేవారు. ఆవరణలోని వైద్యుణ్ణి క్యాంటీన్ మేనేజరు చేశారు. పొద్దున ఆయన మిరపకాయ బజ్జీలు అమ్మేవాడు, మధ్యాహ్నం అవే తిన్నవాళ్లకు మందు రాసేవాడు. రెండు విభాగాల మధ్య ఇంత చక్కటి సమన్వయం గతంలో ఎన్నడూ లేదని నివేదికలో రాశారు.

సమావేశాలను కూడా వదల్లేదు. స్టోర్స్‌లో పనిచేసే నారాయణరెడ్డి పదవీ విరమణ సభనూ, అదే వారం కాలం చేసిన పాత ఉద్యోగి సంతాప సభనూ కలిపి ఒకే సభ చేశారు. ఒకటే దండ, ఒకటే ప్రసంగం. "వారు లేని లోటు తీర్చలేనిది, వారి సేవలు మరువలేనివి" అని డైరెక్టరు గారు గద్గదస్వరంతో అంటుంటే వేదిక మీద కుర్చీలో కూర్చున్న నారాయణరెడ్డికి చెమటలు పట్టాయి. చివర్లో రెండు నిమిషాలు మౌనం పాటించి, లేచి చప్పట్లు కొట్టారు.

స్థలాలను కూడా కలిపారు. హ్యాంగరులో వెనక సగాన్ని క్యాంటీనుకు ఇచ్చి మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టారు. ఇరుకైన మిగతా సగంలో పాలపిట్టను దూర్చేసరికి దాని తోకకూ ఆ గోడకూ మధ్య జానెడు సందు మిగిలింది. గోడ అవతల నుంచి పోపు ఘుమఘుమలు వచ్చేవి. కొమురయ్యకు మొదట్లో అది కూడా సౌకర్యంగానే తోచింది.

చిక్కు కాగితాల దగ్గర మొదలైంది. ఒక్కడే బిగించి ఒక్కడే చూసుకుంటే కాగితాలు ఉండవని కొమురయ్య అమాయకంగా అనుకున్నాడు. పరాంకుశం గారు అతన్ని పిలిపించి కూర్చోబెట్టారు.

"పోస్టులు కలిశాయి కానీ విధులు కలవలేదయ్యా. అంగం ఒకటి, విధులు రెండు. మెకానిక్‌గా నువ్వు పని పూర్తిచేసి తనిఖీ అధికారికి లిఖితపూర్వకంగా సమర్పించుకోవాలి. అది డిస్పాచ్ సెక్షన్ ద్వారా పోవాలి. తనిఖీ అధికారిగా నీకు అది అందాక, చూసి, నీ అభిప్రాయాన్ని మెకానిక్‌కు డిస్పాచ్ ద్వారా పంపాలి. కాగితం చేతి నుంచి చేతికి అందించుకోవడం రూల్సుకు విరుద్ధం."

"నాకు నేను ఉత్తరం రాసుకోవాల్నా సార్?"

"నీకు నువ్వు కాదు. మెకానిక్ తనిఖీ అధికారికి. గౌరవనీయులైన అని సంబోధించడం మరిచిపోకు."

కొమురయ్య రాసుకున్నాడు. గౌరవనీయులైన తనిఖీ అధికారి గారికి, ఎడమ రెక్క బిజాగిరీలు బిగించడమైనది, దయచేసి పరిశీలించగలరు. ఆ ఉత్తరం డిస్పాచ్‌కు పోయి, ముద్ర వేయించుకుని, మూడో రోజున అతనికే వచ్చింది. అతను కవరు చింపి, తను రాసిందే చదివి, వెళ్లి చూసి, బాగానే ఉందని తనకు తెలియజేసుకున్నాడు. అది మరో మూడు రోజులు తిరిగింది. ఒకసారి మాత్రం నిజాయితీగా ఒక నట్టు వదులుగా ఉందని రాసుకున్నాడు. దానికి మెకానిక్‌గా సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చింది. తన సంజాయిషీ తనకు సంతృప్తికరంగా ఉన్నదని రాసి ఆ వ్యవహారాన్ని ముగించుకున్నాడు.

ఈ ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని పరాంకుశం గారు ఒక మెమో ఇచ్చారు. 'మెకానిక్‌కూ తనిఖీ అధికారికీ మధ్య అవగాహన కొరవడినట్టు కనిపిస్తున్నది. ఇరువురూ సమావేశమై విభేదాలను పరిష్కరించుకోవలెను.' కొమురయ్య టీ తెచ్చుకుని ఒక గంట ఒంటరిగా కూర్చున్నాడు. హాజరు పట్టికలో రెండు సంతకాలు పెట్టాడు.

అప్పుడే మొదటిసారి, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీని చూస్తే, ఆమె ఉంటే బాగుండునని అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

పాలపిట్ట మొదటిసారి ఎగిరే తేదీ ఖాయమైంది. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. నడిపేది టెస్ట్ పైలట్ ఇర్ఫాన్. ముప్పై నాలుగేళ్లవాడు, కొమురయ్యను అన్నా అని పిలుస్తాడు. అతనికి నెల కిందట కూతురు పుట్టింది. సెల్‌ఫోనులో ఆ పిల్ల ఫోటో చూపించందే ఎవర్నీ కదలనిచ్చేవాడు కాదు.

"ఇదిగో కొమురన్నా, ఇవాళ నవ్వింది" అన్నాడు కాక్‌పిట్ పక్కన నిలబడి. "తోక పని అయిపోయిందా? నువ్వే చూశావుగా, ఇంక నాకు రంది లేదు."

రంది కొమురయ్యకు పట్టుకుంది. తోకలో ఆఖరి పని, పైలట్ కాళ్ల కింద పెడళ్ల నుంచి, చేతిలో కర్ర నుంచి వచ్చే కదలికను రెండు రెక్కల వెనక అంచున కదిలే పలకలకూ అందించే రెండు కడ్డీలు బిగించడం. చూడటానికి రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. విమానం పొట్ట కింద వెల్లకిలా పడుకుని, చిన్న కంతలోంచి చేతులు పైకి పోనిచ్చి, చూపుతో కాక వేళ్లతో బిగించే పని. అది బిగించాక సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఎప్పుడూ ఇద్దరు కావాలి. ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకుంటే, మరొకరు తోక వెనక నిలబడి ఏ పలక ఎటు కదిలిందో గట్టిగా చెప్పాలి. ఎడమ పెడలు తొక్కితే ఎడమ పలక కిందికి దిగాలి, కుడి పలక పైకి లేవాలి. అంతే లెక్క.

ఇప్పుడు కొమురయ్య ఒక్కడే. ఇర్ఫాన్‌ను కూర్చోబెడదామంటే పైలట్ పోస్టును ప్రజాసంబంధాల అధికారితో కలిపారు కనుక అతను ఆహ్వాన పత్రికలు పంచడానికి పోయాడు. కొమురయ్య ఎడమ పెడలు మీద రెండు ఇటుకలు పెట్టి, దిగి, తోక దగ్గరికి పరిగెత్తాడు. వెనక్కి పోదామంటే క్యాంటీన్ గోడ. ముందు వైపునే నిలబడి తోకకు ఎదురుగా చూశాడు. ఒక పలక కిందికి ఉంది, ఒకటి పైకి ఉంది. ఎడమది కిందికే ఉంది. తృప్తిగా తలూపాడు. ఇటుకలు తీసి, కర్ర వెనక్కి లాగి తాడుతో కట్టి మళ్లీ పరిగెత్తాడు. రెండు పలకలూ పైకి లేచి ఉన్నాయి. అదీ సరే. నాలుగుసార్లు చూశాడు. నాలుగుసార్లూ సరిగ్గానే ఉంది.

అయినా సంతకం పెట్టడానికి మనసు ఒప్పలేదు. పందొమ్మిదేళ్లలో ఆమె చూడకుండా అతని తోక ఒక్కటి కూడా ఆకాశం మొహం చూడలేదు.

సిగ్గు చంపుకుని డైరెక్టరు గారి గదికి పోయాడు.

"సార్, ఫిలోమినా మేడమ్‌ను ఒక్క అర్ధగంట పంపుండ్రి. ఒక్కసారి జూసి పోతరు."

"నీ పనిలో లోపం ఉందా?"

"నాకైతే కనవడ్తలేదు సార్."

"మరి? తనిఖీ అధికారి అభిప్రాయం ఏమిటి?"

"ఆయనకూ కనవడ్తలేదు సార్."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూడు కొమురయ్యా. ఇద్దరు అధికారులు ఏకగ్రీవంగా నిర్ధారించిన అంశాన్ని ఒక ఉద్యానవన ఉద్యోగిని చేత పునఃపరిశీలన చేయించడం అంటే వ్యవస్థ మీద అవిశ్వాసం ప్రకటించడమే. వి ఆకారానికి మూడో గీత ఉండదు. ఉంటే అది వి కాదు. వెళ్లి సంతకాలు పెట్టు."

కొమురయ్య బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా తోటలో ఫిలోమినా బంతి మొక్కలకు ఊతకర్రలు కడుతోంది. ప్రతి మొక్క దగ్గరా వంగి, ఆకు తిప్పి, కింద చూసి, అప్పుడు కడుతోంది. పోయి అడుగుదామనుకున్నాడు. అడిగితే ఆర్డరు ధిక్కరించి వస్తుంది, ఆమె ఉద్యోగం పోతుంది. అడక్కపోతే ఇర్ఫాన్ పైకి పోతాడు. ఆ నెల పిల్ల నవ్వు కళ్ల ముందు మెదిలింది.

సంతకాల కోసం ఫారం తీశాడు. చివరి పేజీలో, అంతకుముందు ఎన్నడూ పట్టించుకోని ఒక గడి కనిపించింది. 'రెండో సీటులో కూర్చునే పరీక్షా పరిశీలకుని పేరు.' ఆ పోస్టులో ఉన్నాయన నిరుడే రిటైరయ్యాడు. కొమురయ్య ఆ గడిని చాలాసేపు చూశాడు. తరవాత తనిఖీ అధికారి హోదాలో, గౌరవనీయులైన పరిపాలనాధికారి గారికి ఒక ఉత్తరం రాశాడు. పరిశీలకుని పోస్టు ఖాళీగా ఉన్నది, అది ఎవరి పోస్టుతో విలీనమైనదో తెలియజేయగలరు, తెలియనిదే ఫారం పూర్తికాదు.

పరాంకుశం గారికి అటువంటి ఉత్తరాలంటే ప్రాణం. సంస్థలోని పోస్టులన్నిటినీ జాబితా వేసుకుని కూర్చున్నారు. అన్నీ జతపడ్డాయి. రెండే మిగిలాయి. ఒకటి పరీక్షా పరిశీలకుడు. రెండోది డైరెక్టరు.

"ఇది పరిహాసమా?" అన్నారు డైరెక్టరు గారు, తన సంతకం కోసం వచ్చిన ఆర్డరు చదివి.

"సర్క్యులర్ మొదటి పేరా సార్. ప్రతి పోస్టునూ, మినహాయింపు లేకుండా. మినహాయింపు లేకుండా అన్న మాట మీరు స్వహస్తాలతో చేర్చారు."

"నన్ను అతిథి గృహం మేనేజరు పోస్టుతో కలపవచ్చుగా?"

"అది పశువుల వైద్యుడికి ఇచ్చేశాం సార్."

"మనకు పశువుల వైద్యుడు ఎందుకున్నాడు?"

"జత కోసం తీసుకున్నాం సార్." పరాంకుశం గారు పెన్ను మూత తీసి అందించారు. "ఢిల్లీకి కూడా తెలియపరిచాను. స్వయంగా డైరెక్టరే ఎగురుతున్నందుకు వాళ్లు ఎంతో సంతోషం వెలిబుచ్చారు. ఫోటోగ్రాఫర్లు వస్తున్నారు."

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే షామియానా నిండిపోయింది. పాలపిట్టను హ్యాంగరు గుమ్మం ముందుకు లాగి నిలబెట్టారు. పూలదండ వేశారు. డైరెక్టరు గారు నారింజ రంగు ఓవరాల్ తొడుక్కుని వచ్చారు. అది నడుం దగ్గర బిగుతు, మోకాళ్ల దగ్గర వదులు. మెట్టు ఎక్కారు, దిగారు, మళ్లీ ఎక్కారు. మొదటి సీట్లో ఇర్ఫాన్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. రెండో సీట్లో కూర్చున్నాక ఆయన బెల్టు బిగిస్తున్న కొమురయ్య చెయ్యి పట్టుకున్నారు.

"ఏమయ్యా, తోక బాగుందిగా?"

"నేను జూసిన సార్."

"నువ్వు బిగించావు. చూసిందెవరు?"

"నేనే సార్."

"అది కాదయ్యా. నువ్వు కాక. ఇంకెవరైనా."

"ఇంకెవరు లేరు సార్. మీరే తీసేసిన్రు."

డైరెక్టరు గారు కొంతసేపు ముందున్న మీటర్లను చూశారు. ఆయన జీవితంలో ఒక విధానాన్ని అంత దగ్గర్నుంచి, బెల్టు పెట్టుకుని చూడటం అదే మొదటిసారి.

"ఆమె ఎక్కడుంది?" అన్నారు, గొంతు తగ్గించి.

"తోటల ఉన్నది సార్."

"పిలు. త్వరగా పిలు. కాగితం అక్కర్లేదు."

ఫిలోమినా వచ్చింది. కాళ్లకు మట్టి, నడుముకు కట్టుకున్న గోనె ముక్కలో కత్తెర, రిబ్బను ఉండ. షామియానా వైపు చూడలేదు, డైరెక్టరు గారి వైపూ చూడలేదు. తిన్నగా తోక వెనక్కి పోయి నిలబడింది. ఇప్పుడక్కడ గోడ లేదు.

"ఇర్ఫాన్ బాబూ, కర్ర వెనక్కి లాగండి."

లాగాడు. రెండు పలకలూ పైకి లేచాయి. తల పంకించింది.

"ఎడమ పెడలు."

తొక్కాడు. ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుంది.

"వదలండి. మళ్లీ, ఎడమ."

తొక్కాడు.

"మీరు ఎడమే తొక్కుతున్నారా?"

"ఎడమే మేడం."

ఆమె గోనె ముక్కలోంచి రిబ్బను తీసి జానెడు కత్తిరించి, తోకకు కట్టింది. బంతి మొక్కలకు కట్టగా మిగిలిన ఎర్ర రిబ్బను. అది కనబడగానే కొమురయ్య అక్కడే సిమెంటు మీద కూలబడ్డాడు.

"ఎట్ల మేడం?" అన్నాడు. "నాలుగుసార్లు జూసిన. ఎడమది కిందికే ఉండె."

"ఎటు నిలబడి చూశారు?"

చెప్పబోయి ఆగిపోయాడు. తోకకు ఎదురుగా నిలబడ్డాడు. ఎదురుగా నిలబడితే తన ఎడమ చేతి వైపు ఉండేది విమానానికి కుడి. ఆ చిన్న సంగతి ఇరవై ఆరేళ్ల అనుభవానికి తట్టలేదు. తనే బిగించాడు కనుక సరిగ్గా ఉంటుందని కళ్లు ముందే తీర్మానించుకున్నాయి. కడ్డీలు రెండూ అటుది ఇటు, ఇటుది అటు పడ్డాయి. కర్ర లాగితే తేడా తెలియదు, రెండూ కలిసే లేస్తాయి. పైకి పోయాక ఇర్ఫాన్ ఎడమకు తిప్పుదామని తొక్కితే విమానం కుడికి తిరిగి ఉండేది. అతను ఇంకా గట్టిగా తొక్కి ఉండేవాడు.

కొమురయ్య ఇర్ఫాన్ మొహం చూడలేకపోయాడు. ఇర్ఫానే దిగివచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

కడ్డీలు మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి ఆమె పక్కనే ఉంది. మళ్లీ చూసింది, తొక్కించింది, తన రిబ్బను తానే విప్పి గోనె ముక్కలో దోపుకుంది. ఈ లోపల డైరెక్టరు గారికి రక్తపోటు పెరిగినట్టు క్యాంటీన్ మేనేజరు ధ్రువీకరించాడు. రెండో సీటులో బరువు సరిపోవడానికి ఒక ఇసుక బస్తా పెట్టి బెల్టు కట్టారు. పాలపిట్ట లేచి, రెండు చక్కర్లు కొట్టి, చక్కగా దిగింది. ఎడమకు తిప్పితే ఎడమకే తిరిగింది. డైరెక్టరు గారి విధులను బస్తా ఎటువంటి లోపం లేకుండా నిర్వర్తించింది.

వారం తరవాత కవర్లు వచ్చాయి.

కొమురయ్యకు రెండు. ఒకటి మెకానిక్‌కు. కడ్డీలు తారుమారు చేసినందుకు తీవ్ర మందలింపు. రెండోది తనిఖీ అధికారికి. సదరు మెకానిక్ చేసిన ఘోరమైన తప్పును సకాలంలో కనిపెట్టి పైలట్ ప్రాణాన్ని కాపాడినందుకు ప్రశంసాపత్రం, బంగారు రంగు అంచుతో. రికార్డుల ప్రకారం ఆ రోజు తనిఖీ అధికారి కొమురయ్యే కదా. ఏకాంగ ద్వివిధ విధానం ఒక మహత్తర ప్రాణరక్షణ ద్వారా తన సామర్థ్యాన్ని నిరూపించుకున్నదని, దీన్ని ఇతర సంస్థలకు కూడా విస్తరించవచ్చునని డైరెక్టరు గారు ఢిల్లీకి నివేదిక పంపారు. పరిశీలకుని పోస్టును మాత్రం సాంకేతిక కారణాల వల్ల ఇసుక బస్తాతో శాశ్వతంగా విలీనం చేశారు.

ఫిలోమినాకు ఒకటే కవరు. విధి నిర్వహణ సమయంలో బంతి మొక్కలను గాలికి వదిలి, నిషిద్ధ ప్రాంతంలోకి లిఖితపూర్వక అనుమతి లేకుండా ప్రవేశించి, తోట విభాగానికి చెందిన రిబ్బనును విమానానికి వినియోగించినందుకు, మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను.

మధ్యాహ్నం కొమురయ్య తోటకు పోయాడు. ఆమె బెంచీ మీద కూర్చుని మెమో మడతపెడుతోంది. అతను పక్కన కూర్చుని బంగారు అంచు కాగితాన్ని ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇది మీది మేడం."

"మీ పేరుంది కదా."

"పేరుదేముంది." బంతి మొక్కలకున్న ఎర్ర రిబ్బన్లను చూశాడు. "నలభై రెండు అయినయి మేడం. పందొమ్మిదేండ్ల సంది మీ మీద కోపం పెట్టుకున్న. తప్పు నాది."

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అవి మట్టి పట్టి లేవు.

"మీ సంజాయిషీ నేను రాస్తా" అన్నాడు కొమురయ్య. "జరిగిందంతా రాస్తా. మీరు సంతకం పెట్టుండ్రి, నేను సుత సాక్షి సంతకం పెడ్త. ఏమైతదో కానియ్యి."

బెంచీ మీదే కాగితం పరచుకుని గంటసేపు రాశాడు. గోడ సంగతి రాశాడు, ఇటుకల సంగతి రాశాడు, ఇర్ఫాన్ కూతురి సంగతి కూడా రాశాడు. పూర్తిచేసి, పైనుంచి కింది దాకా రెండుసార్లు చదువుకుని, అంతా సరిగ్గా ఉందని ఆమె చేతికిచ్చాడు.

ఫిలోమినా చదివింది. మూడో పేరా దగ్గర ఆగి, వేలు పెట్టింది.

"ఇక్కడ చూడండి కొమురయ్య గారూ. ఎడమ పెడలు అని రాయాల్సిన చోట కుడి అని రాశారు."

కొమురయ్య వంగి చూశాడు. నిజమే. కొత్త కాగితం తీసుకుని మళ్లీ మొదలుపెట్టాడు.